మొరాయించిన మోటారు

నవాబుపేట వంటి ఊరిలో, ఒక పాత పెంకుటింటి ముంగిట, వేపచెట్టు నీడన ఒక అంబాసిడరు కారు నిలిచియున్నదనుకొందము. దాని యజమాని ఉద్యోగవిరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయుడు. ఇంజను అరిగిపోయి, నీలిపొగ గ్రక్కుచు, పెట్రోలుతో సమానముగా ఆయిలు త్రాగుచుండుటచే, ఆయన దానిని విప్పించి, బోరు చేయించి, కొత్త పిస్టనులు, రింగులు, బేరింగులు వేయించి తిరిగి కూర్పించెను. నెల దినములు పట్టినది. పింఛను సొమ్ములో కూడబెట్టినదంతయు దానికే చెల్లినది. నేడు ముహూర్తము. కొబ్బరికాయ కొట్టిరి. చక్రముల క్రింద నిమ్మకాయలుంచిరి. తాళము త్రిప్పిరి. సెల్ఫు తిరిగినది, దానితో ఇంజనును తిరిగినది, కాని అందులో ప్రాణము రాలేదు.

ఇది ఏ ఒక్క యింటి ముచ్చటయు కాదు. పాత కారుపై మమకారము పెంచుకొన్న ప్రతి యింటను ఏనాడో ఒకనాడు జరుగదగినదే. అట్టి వేళ చుట్టుప్రక్కలవారందరును చేరుదురు. కార్బొరేటరు విప్పుమని ఒకరు, ప్లగ్గులు మార్చుమని ఇంకొకరు, వెనుకనుండి త్రోయుదమని పిల్లలు, ఇంజను మరల విప్పక తప్పదని అనుభవజ్ఞుడైన ఒక పెద్దమనిషి తలకొక మాట చెప్పుదురు. ఈ కడపటి మాటయే యజమాని గుండెలో గుచ్చుకొనును. మరల విప్పుటయన మరల నెల దినములు. మరల అంత సొమ్ము. ఇంజను కూర్చిన ఉస్తాదుకును ఆ మాట గుచ్చుకొనును. కూలి పోయిన మరునాడు సంపాదించుకొనవచ్చును. పేరు పోయిన ఆ చుట్టుపట్టున ఎవరును అతనికి బండి అప్పగింపరు.

ఇంజను నిజముగా మరల విప్పవలెనా, లేక గడియలో సరిదిద్దదగిన చిన్న పొరపాటు ఎక్కడనో దాగియున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము దొరకవలెనన్న స్పానరును పట్టుటకు ముందు బుద్ధిని పట్టవలెను. అందువలననే ఈ మొరాయించిన మోటారు బడిపిల్లలకును, వారికి చదువు చెప్పువారికిని ఒక మంచి పాఠము కాగలదు.

ఆ కారు ఎట్టిది?

బ్రిటిషు వారి మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాను ఆధారముగా గొని, హిందూస్థాన్ మోటార్స్ సంస్థ 1950ల చివర అంబాసిడరును నిర్మింప మొదలిడెను. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున 2014వ సంవత్సరము దనుక ఆ కారు తయారగుచునే యుండెను. మంత్రులకును, కలెక్టర్లకును, టాక్సీవాలాలకును, పెండ్లివారికిని సమానముగా ఊడిగము చేసిన వాహనము మన దేశమున అట్టిది మరియొకటి అరుదు. దాని పాత పెట్రోలు ఇంజనుకు నాలుగు సిలిండర్లు; పరిమాణము 1489 ఘన సెంటీమీటర్లు. నేటి కార్లలో లోపమును కంప్యూటరు కనిపెట్టును. ఈ పాత ఇంజనులో అట్టి సాక్షి యెవరును లేరు. కన్ను, చెవి, ముక్కు, చేయి, ఇవియే పరికరములు.

పాత వాహనములను తుక్కుగా భావించుట తగదని ప్రభుత్వమును గుర్తించినది. మొదట రిజిస్టరైన నాటినుండి ఏబది యేండ్లు దాటి, మౌలిక రూపము మారక నిలిచిన వాహనములకు వింటేజి వాహనములుగా ప్రత్యేకముగ రిజిస్ట్రేషను ఇచ్చు నియమములు 2021లో వెలువడినవి. మన రాజధానియందును ఇట్టి వాహనములకు కొదువ లేదు. నిజాముల సింహాసన వాహనమని పేరొందిన 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు చౌమహల్లా ప్రాసాదమున నేటికిని చూపరుల నాకర్షించుచున్నది. ఆ సిల్వర్ ఘోస్టు ఇంజనులో ఒక్కొక్క సిలిండరునకు రెండేసి ప్లగ్గులు, వానికి రెండు వేర్వేరు విద్యుత్తు ఏర్పాట్లు ఉండెడివి. ఒకటి మొరాయించినచో రెండవది ఆదుకొనవలెనని నిర్మాతల ముందుచూపు. రాజుగారి కారైనను మొరాయింపవచ్చునని దానిని చేసినవారే ఎఱిగియుండిరన్నమాట.

సామాన్యులకు మోటారు పరిచయమైనది బస్సు వలన. నిజాము రాజ్య రైల్వేవారు 1932లో 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. నేటి ఆర్.టి.సి.కి మూలము అదియే. బస్సులు, లారీలు, కార్లు పెరిగిన కొలది వానిని బాగుచేయువారును పెరిగిరి. గురువును జనులు ఉస్తాదనిరి. శిష్యుడు ముందు స్పానర్లు కడిగి, పిదప అందించి, అటుపై పట్టి విద్య నేర్చెను. పుస్తకము లేని ఈ గురుకులములే మన పల్లెపట్టులకు మెకానిక్కుల నిచ్చినవి.

నాలుగు పనులు, రెండు చుట్లు

ఇంజను ఎందుకు కదలలేదో తెలియవలెనన్న, అది ఎందుకు కదలునో ముందు తెలియవలెను. జర్మనీ దేశస్థుడగు నికొలాస్ ఆటో 1876లో సఫలము చేసిన నాలుగంచెల పద్ధతియే నేటికిని ఆధారము. పిస్టను క్రిందికి దిగుచు పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని పీల్చును. పైకి ఎక్కుచు దానిని అదుమును. సరిగా ఆ పైకొసకు చేరు వేళకు ప్లగ్గు నిప్పురవ్వ రాల్చగా మిశ్రమము మండి పిస్టనును క్రిందికి నెట్టును. అది తిరిగి పైకి వచ్చుచు మండిన పొగను వెలికి నెట్టును. పీల్చుట, అదుముట, మండుట, వదలుట: ఈ నాలుగు పనులు ముగియుసరికి క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగును. అనగా 720 డిగ్రీలు. కవాటములను తెరచి మూయు క్యాము షాఫ్టును, నిప్పురవ్వను పంచిపెట్టు డిస్ట్రిబ్యూటరును ఆ కాలములో ఒక్కొక్క చుట్టే తిరుగును. ఈ రెండు చుట్లకు ఒక్క చుట్టు అను లెక్కను పాఠకులు గుర్తుంచుకొనవలెను. కథ కడపట దీనితోనే మనకు పనిగలదు.

ఇంజనుకు కావలసినవి మూడు: మండదగిన మిశ్రమము, అదుముడు, నిప్పురవ్వ. ఈ మూడును ఉన్న ఇంజను కదలవలెను. ఏది లేదో కనిపెట్టుటయే పరీక్ష.

ఒక్కసారి ఒక్కటే

మన ఊహలోని ఉస్తాదు వయసు మళ్లినవాడు. కారుచుట్టు మూగినవారి సలహాలన్నియు వినెను. ఒకడు అప్పుడే కార్బొరేటరు మరను త్రిప్పబోవుచుండగా చేయి పట్టుకొని ఆపెను.

“ఆగుండ్రి. ఒక్కసారి ఒక్కటే సూద్దాం. నాలుగు ఒక్కసారే కదిలిస్తే ఏది తప్పో ఏది ఒప్పో దేవునికి గూడ తెల్వది.”

ఈ మాటలో ప్రయోగశాలల నియమమంతయు ఇమిడియున్నది. ఒకే పర్యాయము రెండు మార్పులు చేసి ఫలితము చూచిన, ఆ ఫలితము దేనివలన కలిగెనో చెప్పజాలము. అంతకుమించి, మొదటనే ఉన్న తప్పునకు మనము చేసిన కొత్త తప్పొకటి తోడగును. అప్పుడు మొదటిదానిని సరిదిద్దినను బండి కదలదు.

రెండవ మాటగా అతడు సెల్ఫు త్రిప్పుటను మాన్పించెను. దీనికిని బలమైన కారణము కలదు. కొత్తగా కూర్చిన ఇంజనులో క్యాము షాఫ్టునకు కూర్పు సమయమున పూసిన చిక్కని ఆయిలే మొదటి రక్ష. ఇంజను అంటుకొనకుండ గంటలకొలది త్రిప్పుచుండిన ఆ పూత తుడుచుకొనిపోవును. మండని పెట్రోలు సిలిండరు గోడలపై జారి అచటి ఆయిలును కడిగివేయును. కొత్త రింగులు, కొత్త గోడలు ఒండొంటిని ఒరసికొని గీతలు పడును. బ్యాటరీ దిగజారును; సెల్ఫు మోటారు వేడెక్కును. పది లెక్కించునంతసేపు త్రిప్పి, పిదప ఆగి చల్లారనిచ్చుట మంచిది. తొందరపడి చేసిన ప్రయత్నమే అసలు లోపముకన్న పెద్ద నష్టము తెచ్చుట లోకములో తరచుగా చూచుచున్నాము.

మూడవది, అనుమానింపవలసిన వరుస. విప్పకముందు ఈ ఇంజను అరిగియుండియు కదలెడిది. విప్పి కూర్చిన పిదప కదలుట లేదు. కనుక లోపము ఈ నెల దినములలో చేయి పడిన చోటనే ఉండుటకు ఎక్కువ అవకాశము కలదు. ఏ వైరు ఊడదీసితిమి? ఏ గొట్టము తగిలించితిమి? ఏ గుర్తు కలిపితిమి? కడపట తాకినదానిని మొదట చూడుము. ఈ నియమము ఉస్తాదుకు కొంత చేదు. ఏలయన కడపట తాకిన చేయి అతనిదే.

పరీక్ష

మొదట బ్యాటరీ. పండ్రెండు వోల్టుల బ్యాటరీ సెల్ఫు తిరుగునపుడు మిక్కిలి పడిపోరాదు. కొత్త రింగులు బిగువుగా నుండుటచే ఇంజను బరువుగా తిరుగుట సహజము. ఆ బరువునకు తగిన శక్తి బ్యాటరీలో నుండవలెను. దానికి తోడు ఎర్తు పట్టీని చూడవలెను. ఇంజను రబ్బరు దిమ్మెలపై కూర్చుండును. రబ్బరు విద్యుత్తును సాగనీయదు. కావున ఇంజనును చట్రముతో కలుపు ఒక లావుపాటి పట్టీ యుండును. ఇంజనును దింపి ఎక్కించునపుడు దీనిని తగిలించుట మరచుట చాల సాధారణము. అప్పుడు ఆ పెద్ద విద్యుత్తు చోకు తీగవంటి సన్నని దారులను వెదకుకొని పోగా, ఆ తీగ చేయి కాలునంత వేడెక్కును. ఈ కారునందు పట్టీ ఉన్నది, బిగువుగానున్నది.

రెండవది నిప్పురవ్వ. బ్యాటరీలోని పండ్రెండు వోల్టులను కాయిలు పదివేల వోల్టులకు మించి పెంచును. ఆ పని జరుగవలెనన్న డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు సరిగా తెరచుకొని మూసికొనవలెను. వాని నడిమి ఎడము ఇంచుమించు 0.4 మిల్లీమీటరు. పాయింట్లు మాడకుండ కాపాడునది కండెన్సరు. ఈ విధమైన బ్యాటరీ జ్వలనమును, సెల్ఫు మోటారును కార్లలో వాడుకకు తెచ్చినవాడు అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. 1912 నాటి కాడిలాక్ కారుతో సెల్ఫు లోకమునకు పరిచయమైనది. ఉస్తాదు పెట్రోలు వాసన లేకుండ చూచుకొని, ఒక ప్లగ్గును విప్పి వైరుకు తగిలించి, దాని లోహపు ఒడలు ఇంజనుకు ఆనునట్లుంచి, ఇంజనును త్రిప్పించెను. ప్లగ్గు కొసన నీలివర్ణపు రవ్వ చిటచిటమని దూకెను. రవ్వ ఉన్నది.

మూడవది పెట్రోలు. నెల దినములు నిలువయున్న పెట్రోలులో తేలికగా ఆవిరియగు భాగము తగ్గును. ఇటీవలి సంవత్సరములలో మన దేశపు పెట్రోలులో 20 శాతము దనుక ఇథనాలు కలుపుచున్నారు. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. పాత కార్ల రబ్బరు గొట్టములను, పంపులోని పలుచని పొరను చెఱచును. చెడిన రబ్బరు నలుసులు కార్బొరేటరు సన్నని రంధ్రములను మూసివేయవచ్చును. ఉస్తాదు పాత పెట్రోలు తీసివేయించి కొత్తది పోయించి, గొట్టములు మార్చియే యుండెను. త్రిప్పిన పిదప విప్పిన ప్లగ్గు కొస తడిగా, పెట్రోలు వాసనతో నుండెను. మిశ్రమము లోనికి పోవుచునేయున్నది.

పెట్రోలు గొట్టము మూసికొనిపోవుట మోటారంత పాత రోగము. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అను ఇల్లాలు తన భర్త నిర్మించిన మూడు చక్రముల బండిని ఇరువురు కుమారులతో మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు నడిపించెను. దూరము నూరు కిలోమీటర్లకు పైచిలుకు. నడుమ ఇంధనపు గొట్టము మూసికొనిపోగా ఆమె తన టోపీ సూదితో దానిని శుభ్రపరచెనని చరిత్ర చెప్పుచున్నది. ఆమె సూదిని ప్రయోగించినది లోపమున్న చోటనే, బండినంతయు విప్పలేదు.

నాలుగవది అదుముడు. ప్లగ్గు రంధ్రమునకు కొలమాని బిగించి నాలుగు సిలిండర్లను పరీక్షించిరి. కొత్త రింగులు ఇంకను ఒరసికొని కుదురుకొనలేదు గనుక అంకెలు పూర్తిగా రాకపోవచ్చును. కాని నాలుగును ఇంచుమించు సమానముగా నుండవలెను. అట్లే యున్నవి. అనగా పిస్టనులు, కవాటములు చక్కగా నున్నవి. ఇంజనును మరల విప్పుమన్న పెద్దమనిషి మాటకు ఇచటనే ఆధారము పోయినది. లెక్కల పంతులుగారు ఒక నిట్టూర్పు విడిచిరి.

అయినను బండి కదలలేదు.

వేళ తప్పిన రవ్వ

పంతులుగారి మనుమరాలు పదవ తరగతి బాలిక. పరీక్షలన్నిటిని ఆమె ఒక నోటు పుస్తకములో వరుసగా వ్రాయుచుండెను. ఆమె పుస్తకము చూచి అడిగినది:

“చాచా, మంట ఉన్నది, పెట్రోలు ఉన్నది, అదుముడు ఉన్నది. మూడు ఉన్నయి గదా. మరి ఏం తక్కువైంది?”

ఉస్తాదు కొంతసేపు మాటాడలేదు. సెల్ఫు త్రిప్పునపుడెల్ల కార్బొరేటరు నోటినుండి వెలువడుచున్న ఒక చిన్న దగ్గును అతడు అంతకుముందే వినియుండెను. ఠప్పుమని ఒక ధ్వని. దానితో సన్నని పొగ. మండవలసిన మిశ్రమము సిలిండరులో మూతబడి యుండగా మండుట లేదు. పీల్చు కవాటము తెరచుకొనుచున్న వేళ మండి, వచ్చిన దారినే వెనుకకు తన్నుచున్నది.

“తక్కువేం లేదు బిడ్డా. యాళ తప్పింది.”

అతడు కాయిలు వైరు ఊడదీసి, గేరు లేదని చూచుకొని, మొదటి సిలిండరు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రముపై బొటనవ్రేలుంచెను. శిష్యుడు ముందుభాగమున హ్యాండిలు తగిలించి ఇంజనును నెమ్మదిగా త్రిప్పెను. గాలి వ్రేలిని బలముగా నెట్టుచుండగా పిస్టను పైకొసకు వచ్చినది; కప్పీపై గుర్తు కలిసినది. ఇది అదుముడు ముగిసిన వేళ. ఇప్పుడు మొదటి సిలిండరుకు రవ్వ పోవలెను. డిస్ట్రిబ్యూటరు మూత తీసి చూచిరి. లోపలి రోటరు చూపుచున్నది ఒకటవ సిలిండరు వైరును కాదు; సరిగా దానికి ఎదుటనున్న నాలుగవదానిని.

రహస్యము తేలినది. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒకటవ, నాలుగవ పిస్టనులు ఎల్లప్పుడు జంటగా పైకి వచ్చును. కప్పీపైని గుర్తు ప్రతి చుట్టునను ఒకసారి కలియును. అనగా నాలుగు పనులు ముగియులోపల రెండుసార్లు. ఒకసారి అది అదుముడు ముగిసిన వేళ. ఇంకొకసారి పొగ వదలుట ముగిసిన వేళ. గుర్తును మాత్రమే చూచి డిస్ట్రిబ్యూటరును అమర్చినవాడు ఈ రెండింటిలో ఏదియో ఎఱుగలేడు. ఉస్తాదు గుర్తు చూచెను, వ్రేలుంచి చూడలేదు. డిస్ట్రిబ్యూటరు సరిగా అర్ధచుట్టు, 180 డిగ్రీలు, తప్పినది. రవ్వ, పెట్రోలు, అదుముడు దేనికది పరీక్షలో నెగ్గినవి. కాని ఒకదానిని ఒకటి కలిసికొనలేదు.

పంతులుగారు ఇది విని నవ్విరి. నలువది యేండ్లు తాము నల్లబల్లపై దిద్దిన తప్పే ఇది. వర్గము నాలుగైన సంఖ్య ఏదియని యడిగిన, పిల్లలు రెండని వ్రాసి ఊరకుందురు. ఋణ రెండును సమాధానమేయని మరతురు. లెక్కలో సమాధానములు రెండున్నపుడు, ప్రశ్నకు తగినది ఏదియో మరియొక ఆధారముతో తేల్చుకొనవలెను. ఇచట ఆ ఆధారము బొటనవ్రేలు.

చికిత్స అయిదు నిమిషములది. ఈ ఇంజనులో రవ్వ పడు క్రమము 1, 3, 4, 2. మూతపై ప్రతి వైరును దాని ఎదుటి స్థానమునకు మార్చిన చాలును: ఒకటవది నాలుగవదాని చోటికి, నాలుగవది ఒకటవదాని చోటికి, అట్లే మూడును రెండును. ఇంజనుపై ఒక్క మరయైనను విప్ప నక్కఱలేదు.

వైర్లు మార్చుచు ఉస్తాదు మెల్లగా అనెను: “తప్పు నాదే సారూ. గుర్తు సూసిన గని యాళ సూడలే.”

మూగినవారిలో ఎవరును ఎగతాళి చేయలేదు. పెట్రోలునో, బ్యాటరీనో, కొత్త విడిభాగములు చేసినవారినో నిందించి తప్పించుకొనుట అతనికి చేతకానిది కాదు. అట్లు చేసియుండిన ఆ పూట అతని పేరు నిలిచియుండును; కారు మాత్రము నిలిచినచోటనే నిలిచియుండును. లోపమును వెదకు విద్యకు మొదటి శత్రువు అజ్ఞానము కన్న అభిమానము. ‘నేను చేసినది సరియే’ అని ముందుగా నిశ్చయించుకొన్నవాడు తాను చేసినచోట తప్ప అన్నిచోట్లను వెదకును.

తాళము త్రిప్పిరి. రెండు చుట్లు తిరుగుసరికి ఇంజను అంటుకొనెను. ఉస్తాదు మొదట చూచినది జనుల ముఖములను కాదు. ఆయిలు ఒత్తిడి చూపు ముల్లును. అది లేచినది. కొత్త క్యాము షాఫ్టు కుదురుకొనుటకు ఇంజనును మిక్కిలి మెల్లగా నడువనీయక, ఒక మోస్తరు వేగమున ఇరువది నిమిషములు నడిపించుచు నీటి వేడిని కనిపెట్టుచుండెను. వేపచెట్టు మీది పక్షులు లేచిపోయినవి. పిల్లలు చప్పట్లు కొట్టిరి.

మనుమరాలు నోటు పుస్తకములో కడపటి పంక్తి వ్రాసినది. పంతులుగారు అడిగి చూచిరి. అందు ‘బ్యాటరీ, సరి. ఎర్తు, సరి. రవ్వ, సరి. పెట్రోలు, సరి. అదుముడు, సరి. వేళ, తప్పు’ అని వరుసగా నున్నది. పంతులుగారు ఎఱ్ఱసిరా కలము తీసి, అలవాటు చొప్పున ఆ పుట అడుగున ఒక ‘సరి’ గుర్తు పెట్టి, పుస్తకమును ఉస్తాదు చేతికిచ్చిరి. అతడు చమురుచేతులు గుడ్డకు తుడిచికొని దానిని జాగ్రత్తగా చదివెను. పిదప శిష్యుని పిలిచి, మొదటి సిలిండరు ప్లగ్గు రంధ్రముపై బొటనవ్రేలు ఎట్లుంచవలెనో చూపుట మొదలిడెను.